ఏడో నంబరు

పదకొండేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉంది. చెప్పవలసిన చోట రెండుసార్లు మింగేశాను. మింగినకొద్దీ అది పెద్దదైంది. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే ఇంత కూడా రాయలేకపోయేదాన్ని.

నేను డాక్టర్ని. సింగపూర్‌లోనే పుట్టాను. హౌగాంగ్‌లో అమ్మానాన్నల ఫ్లాట్‌లో పెరిగాను. బయట ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు వల్లే పదిహేడో ఏట ప్రతి ఆదివారం ఒక డార్మిటరీకి వెళ్ళేదాన్ని. జురాంగ్ ఐలాండ్‌లో పైపుల పని చేసే మనవాళ్ళు ఉండే చోటు అది. మధ్యాహ్నం వాళ్ళ క్యాంటీన్‌లో ఉచితంగా వైద్యం చేసేవారు. ఒక చైనీస్ లేడీ డాక్టరు వచ్చేది. ఆమె ఇంగ్లీషులో అడిగింది నేను తెలుగులో అడగాలి, వాళ్ళు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో చెప్పాలి. అంతే నా పని.

ఆ పనంటే ఇష్టమేనా? మొదట్లో ఇష్టమే. అది అబద్ధం కాదు. ఎవరికే బాధ ఉందో, ఎవరికి నిద్ర పట్టడం లేదో ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని, వచ్చేవారం మర్చిపోకుండా అడగడానికి.

అప్పన్న అని ఒకతను వచ్చేవాడు. శ్రీకాకుళం వైపు పల్లె. ముప్పై ఏళ్ళుంటాయి. ఒక ఆదివారం డాక్టరుతో నడుము నొప్పి అని చెప్పించి, పక్కకు వచ్చాక చొక్కా ఎత్తి వీపు చూపించాడు. నల్లగా కమిలిన వాతలు, ఒకదాని మీద ఒకటి. పని ఆలస్యమైతే సూపర్‌వైజర్ స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్ళి రబ్బరు పైపుతో కొడతాడట.

“డాకటేరికి సెప్పకమ్మా,” అన్నాడు. “పనికి ఎసరొస్తాది. నీవు మన పిల్లవని సెప్పుకున్నాను.”

చెప్పనన్నాను. నోటుబుక్కులో మాత్రం రాసుకున్నాను.

మెడిసిన్ అప్లికేషన్ల కాలం వచ్చింది. ట్యూషన్ సెంటర్‌లో మా ఫారాలు చూసే ఒక మేడం ఉండేది. నా ఆదివారాలన్నీ ‘వాలంటీర్’ అన్న గడిలో రాసి తీసుకెళ్ళాను. ఆమె పెన్సిలుతో ఆ గడి మీద గీత కొట్టింది. వాలంటీర్ పని ‘ఎవ్రీబడీ గాట్, లా’, అందరికీ ఉండేదే, అంది. రీసెర్చ్ గడి ఖాళీగా ఉందేమిటి అంది. నా నోటుబుక్కు సంగతి చెప్పగానే ముఖం వెలిగింది. అదే రీసెర్చ్ కదా అంది. పేర్లు తీసేసి నంబర్లు వెయ్యి, పట్టిక చెయ్యి, అక్కడ రీసెర్చ్ చేసినట్టు ఆ చోటి బాధ్యుడితో ఒక ఉత్తరం మీద సంతకం పెట్టించుకో, అంది.

నాకు నమ్మి చెప్పుకున్న మనుషుల్ని అలా ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మార్చాను. ఎవరినీ అడగలేదు. రెండు సాయంత్రాలు పట్టింది. పట్టిక చాలా అందంగా వచ్చింది. వీపు, వాతలు, రబ్బరు పైపు, స్టోర్ రూమ్, అన్నీ ఏడో నంబరు పక్కన వరసగా ఉన్నాయి.

ఆ చోటి బాధ్యుడెవరు? సూపర్‌వైజరే. క్యాంటీన్ వాడుకోవడానికి మాకు అనుమతి ఇచ్చేదీ అతనే. అతనూ తెలుగువాడే. నాకు ఎప్పుడూ తాగడానికి మైలో తెప్పించి ఇచ్చేవాడు. ఉత్తరం, పట్టిక ఒకే ఫైలులో పెట్టి అతని ముందు పెట్టాను. చదవడనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అతను రెండో పేజీ తిప్పడం చూశాను. వేలు ఒకచోట ఆగడం చూశాను. అప్పుడు ఆ కాగితం లాక్కోవచ్చు. లాక్కోలేదు.

“ఏడో నంబరు ఎవరమ్మా?” అన్నాడు.

“పేర్లు లేవంకుల్. నంబర్లే.”

“నంబర్లు వేసింది నువ్వేగా.” పెన్ను మూత పెట్టేశాడు.

“నాకు రేపటికి కావాలి అంకుల్. లాస్ట్ డేట్.”

“పెట్టనన్నానా? ఎవరో చెప్పు, పెట్టేస్తాను. కూర్చోబెట్టి మాట్లాడతాను, అంతే. మన కుర్రాళ్ళేగా.”

నేను గోడ గడియారం చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ తెలియదు.

“అప్పన్న,” అన్నాను.

సంతకం పెట్టాడు. స్టాంపు కూడా వేశాడు. “డాక్టరమ్మవి అవుతావు,” అని నవ్వి, టేబుల్ మీదున్న తన హెల్మెట్ తీసుకుని లేచాడు.

నేను సంచి సర్దుకుంటుంటే క్యాంటీన్ వెనక నుంచి చప్పుడు వచ్చింది. అక్కడ పళ్ళేలు కడుక్కునే తొట్లుంటాయి. జాలీ తలుపు దగ్గరికి వెళ్ళాను. సూపర్‌వైజర్ ఎడమ చేత్తో అప్పన్న జుట్టు పట్టుకుని, కుడిచేత్తో హెల్మెట్ అంచుతో ముఖం మీద కొడుతున్నాడు. తొందర లేదు. ఒక దెబ్బ, ఒక బూతు. ఒక దెబ్బ, ఒక బూతు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో అప్పన్న తొట్టి అంచు మీద పడ్డాడు. కింద పడ్డాక ఇనుప ముక్కున్న బూటుతో పక్కటెముకల మీద తన్నాడు. ఆ శబ్దం తడిసిన మూటను నేలకేసి కొట్టినట్టుంది. నెత్తురు, మెతుకులు, సబ్బునీళ్ళు కలిసి కాలువలోకి పోతున్నాయి. వాటిలో ఒక పన్ను. నలుగురైదుగురు గిన్నెలు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు.

నేనూ కదల్లేదు. ఒక్క కేక వేస్తే ఆగేవాడేమో. బయటి పిల్లని, ఇక్కడి పౌరురాలిని, నా ముందు భయపడేవాడేమో. ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. నెత్తుటి చుక్కలు పడతాయేమోనని దాన్ని ఇంకాస్త పైకి పట్టుకున్నాను కూడా. తర్వాత బస్టాపుకి నడిచాను. మర్నాడు అప్లికేషన్ పంపాను. రీసెర్చ్ గడి నిండింది.

అక్కడితో ఆగి ఉంటే, భయపడిన పిల్ల కథగా మిగిలేది. ఆగలేదు.

తర్వాతి ఆదివారం అప్పన్న వచ్చాడు. పైవరసలో రెండు పళ్ళు లేవు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. మెట్ల మీద నుంచి పడ్డానని చెప్పమన్నాడు. చెప్పాను. డాక్టరు నన్ను కాసేపు చూసి అలాగే రాసింది. మందుల కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు నాతో మెల్లగా అన్నాడు:

“నా ఈపు మీద వాతల సంగతి నీకు కాక సింహాచలం ఒక్కడికే తెలుసమ్మా. నా పక్క మంచం ఆడిది. ఒకే ఊరోళ్ళం. ఆడే సెప్పీసినాడంతావా?”

అడిగాడు. నన్నే అడిగాడు. నన్ను అనుమానించాలన్న ఊహ కూడా అతనికి రాలేదు. ‘నేనే చెప్పానన్నా’ అనాలి. రెండు మాటలు. నోరు తెరిచాను.

“అయ్యుండొచ్చన్నా,” అన్నాను.

అతను తలూపాడు. మందుల పొట్లం జేబులో పెట్టుకున్నాడు. లేచి వంటగదిలోకి వెళ్ళాడు.

సింహాచలం పొయ్యి దగ్గర అట్లు పోస్తున్నాడు. అప్పన్న ఏమీ అడగలేదు. పొయ్యి మీద పెనం కాడ పట్టుకుని ఎత్తి కొట్టాడు. అంచు ఎడమ కంట్లో దిగింది. సింహాచలం చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద కొట్టాడు. కింద పడితే మీద కూర్చుని కొట్టాడు. కాలిన చర్మం వాసన, పిండి వాసన కలిసిపోయాయి. “నానేటి సేసినాన్రా, నానేటి సేసినాను,” అని సింహాచలం అరుస్తూనే ఉన్నాడు. నలుగురు కలిస్తే గానీ అప్పన్నను లాగలేకపోయారు. లాగుతుంటే ఏడుస్తున్నాడు, పెనం మాత్రం వదలడు.

డాక్టరు పరుగున వచ్చి గాజుగుడ్డ ఒత్తింది. తల కదలకుండా పట్టుకోమని నాకు చెప్పింది. సింహాచలం తల నా ఒళ్ళో ఉంది. వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా కారుతోంది. నెత్తురొక్కటే కాదు. మిగిలిన కంటితో నా ముఖంలోకి చూశాడు.

“అమ్మా, ఆడ్ని అడుగమ్మా. నానేటి సేసినాను?”

“ఏమంటున్నాడు?” అని డాక్టరు ఇంగ్లీషులో అడిగింది.

“నొప్పిగా ఉందంటున్నాడు,” అన్నాను ఇంగ్లీషులో.

నా జీవితంలో నేను చేసిన అనువాదాలన్నిటిలోకీ తేలికగా నోటికొచ్చింది అదే.

సింహాచలం ఎడమ కన్ను పోయింది. వైద్యం అయ్యాక ఊరికి పంపేశారు. అప్పన్నను పోలీసులు తీసుకెళ్ళారు. జైలు శిక్ష పడింది, ఆ తర్వాత అతన్నీ పంపేశారు. ఇద్దరూ ఒకే పల్లెకి వెళ్ళారు. ఒకరిల్లు ఒకరికి కనబడుతుందేమో, ఒకే దారిన నడుస్తారేమో, ఎదురైతే ఎవరు తల దించుకుంటారో నాకు తెలియదు. సూపర్‌వైజర్ మీద ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పగలిగినదాన్ని నేనే.

నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ ఆదివారాలు సేవ అనుకోవాలా, రీసెర్చ్ అనుకోవాలా అని ఒకాయన అడిగాడు. సేవగా మొదలై రీసెర్చ్‌గా ఎదిగిందన్నాను. గాయపడిన ఒక కార్మికుడి తల పట్టుకున్న రోజే డాక్టరు కావాలని నిశ్చయించుకున్నానన్నాను. గొంతు కాస్త వణికింది. ఆ వణుకు నిజమైనదే, దాన్ని కూడా వాడుకున్నాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. సీటు వచ్చింది. అమ్మ పక్కింటి మలయ్ ఆంటీకి కూడా లడ్డూలు పంచింది.

ఇప్పుడు మంచి డాక్టర్ననే అంటారు. కాననను. కానీ దానివల్ల ఆ కన్ను రాదు. ఎన్ని వందల మందిని చూస్తే ఒకడికి బదులు తీరుతుంది? ఇలా అడగడమే ఇంకో దొంగ లెక్క అని తెలుసు. భయం వల్ల చేశానా? పేరు చెప్పినప్పుడు భయం కాదు, తొందర. ‘అయ్యుండొచ్చు’ అన్నప్పుడు భయం. ‘నొప్పిగా ఉందంటున్నాడు’ అన్నప్పుడు ఏమిటి? అప్పటికి తొందరా లేదు, భయమూ లేదు. అలవాటైపోయింది. ఏడు రోజుల్లో ఒక మనిషికి అంత అలవాటవుతుందా? నాకైంది.

ఆ పల్లె పేరు నాకు తెలుసు. వైజాగ్ దాకా విమానం ఉంది, అక్కడి నుంచి కారులో కొన్ని గంటలు. పదకొండేళ్ళలో వెళ్ళలేదు. వెళ్తానని మీకు మాటిచ్చి మంచిదాన్ననిపించుకోవాలని ఈ క్షణం కూడా మనసు లాగుతోంది. ఇవ్వను. నా మాట ఎంత విలువైనదో మీరిప్పుడే చదివారు.

క్షమించమని అడగడం లేదు. మీరు క్షమించినా చెల్లదు.

అప్పన్నని పట్టించింది నేను. సింహాచలం ఏమీ చేయలేదు. అతనికి ఏ పాపమూ తెలియదు.

ఆ మూడు వాక్యాలు రాయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఇందాక రాశాక లేచి వంటింట్లోకి వెళ్ళాను. నిలబడే రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. అంత దాహంగా ఉందని అప్పటిదాకా తెలియలేదు.