సముద్రం లేని దేశానికి రెండు యుద్ధనౌకలు

మార్కాపురంలో మొన్న మా అయ్యవారు కన్నుమూశారు. సంతాపసభలో ఆయన దగ్గర చదువుకున్న మీలో ఒకరు లేచి, ఆయన జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. తప్పు. నన్ను అన్నారు. అన్నందుకే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

మదరాసు ప్రెసిడెన్సీ రోజులు, రెండో ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు. తర్లుపాడు బడిలో ఆయన మాకు భూగోళం చెప్పేవారు. పుస్తకం తక్కువ, పత్రిక ఎక్కువ. రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చే పత్రిక చదివి, ఒక్కో బెంచీని ఒక్కో దేశం చేసేవారు. ఒకనాడు మా బెంచీ స్విట్జర్లాండు. చుట్టూ పెద్ద దేశాలు కత్తులు నూరుతున్నాయి. చిన్న దేశం కొత్త ఆయుధాలు కొనాలి. మీరే మంత్రులు, ఏం కొంటారో పలక మీద రాయండి అన్నారు.

నేను రెండు యుద్ధనౌకలు కొన్నాను.

“ఎక్కడ తేలుస్తావమ్మా? ఆ దేశానికి సముద్రమే లేదు. నీ నెత్తిన తేలుస్తావా?”

ఎండాకాలం చెలమల్లో నీళ్ళు తోడుకునే ఊరి పిల్లను. అంత మంచున్న దేశానికి నీళ్ళ కరువేమిటనుకున్నాను. తరగతంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. “కొనేముందు, చెడిపోయినాక ఏం చేస్తావో చెప్పు” అన్నారు. గొడుగు కొన్నా ఆయనకదే ప్రశ్న.

ఆ వారమే మా నాయన నన్ను బడి మాన్పించడానికి వచ్చాడు.

“అయివోరూ, పిల్ల పేరు కొట్టేయండి. ఇంటికాడ పనుంది.”

“కొట్టేద్దాంలే అన్నా. ముందు కూర్చో. ఏ విమానం కొనాల్నో ఇంకా తేలలేదు.”

“బడికాడ విమానమేంది?”

అయ్యవారు మా స్విట్జర్లాండు సంగతి చెప్పారు. ఒకటి వేగమైనది, పొరుగు దేశం అమ్ముతుంది. ఇంకోటి నిదానం, సొంత కార్ఖానాలో చేసుకోవచ్చు.

“ఆ పొరుగోడేనా రేపు మీదికొచ్చేది?”

“వాడే కావచ్చు.”

“వాని కాడే కొంటారా? బుద్ధుందా ఆ దొరలకు! నేను ఇనప నాగలి కొన్నా. కర్రు విరిగింది. ఇంకో కర్రు మార్కాపురమంతా తిరిగినా దొరకలా. ఇప్పుడు దానిమీద కోళ్ళు పండుకుంటన్నాయి.”

నా నోరు ఊరుకోలేదు. “నిదానందే కొంటే వాళ్ళొచ్చినాక నిలుస్తాదా నాయనా? వేగందే కొనాల. విడి సామాన్లు ముందే తెప్పించాల. ఒకటి మనోళ్ళకిచ్చి, విప్పి నేర్చుకోమనాల. నాగలప్పుడు నువ్వట్ల చేసినావా?”

మా నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అయ్యవారు రిజిస్టరు తెరిచి కలం తీశారు.

“ఏమన్నా, పేరు కొట్టేయమంటావా?”

“ఉండండి, తొందరేంది? తుపాకుల సంగతి తేలలేదు గదా!”

ఆ మధ్యాహ్నమంతా మోకాళ్ళు గడ్డానికి తగిలేలా మా బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. అక్షరం రాదు గనక, పలక అడిగి తీసుకుని తుపాకి బొమ్మ గీశాడు. నా పేరు మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

తర్వాత చాలా ఏళ్ళు నేనూ భూగోళం చెప్పాను. అంత బాగా చివాట్లు పెట్టడం మాత్రం చేతకాలేదు. మనవరాళ్ళ మీద ప్రయత్నం సాగుతోంది.

మీలో ఒకరికి ఒక పని. ఆయన యూరపు పటం ఇంకా వాళ్ళ వసారా గోడకే వేలాడుతోంది. వానొస్తే జల్లు కొడుతుంది. రేపు పొద్దున్నే వెళ్ళి, మేకులు తీసి, కర్రకు చుట్టి నాకు తెచ్చివ్వండి. మడవకండి. ఆ దేశం చిన్నది, మడతలో పోతుంది.