ఎడమ తొట్టి

కోడిగుడ్లను పొదిగించే ఆ కంపెనీలో ఆమెను అందరూ చిటికమ్మ అనేవారు. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లను అరచేతిలోకి తీసుకుని, రెక్క విప్పి, పెట్టో పుంజో చిటికెలో తేల్చేసేది. పెట్టపిల్ల కుడి తొట్టిలోకి, పుంజుపిల్ల ఎడమ తొట్టిలోకి. పెట్టలు గుడ్ల ఫారాలకు వెళ్లేవి. పుంజులు గుడ్లు పెట్టవు, ఆ తెల్లజాతికి ఒళ్లూ పట్టదు. అంచేత వాటితో కంపెనీకి పనిలేదు. ఎడమ తొట్టి నిండగానే బెల్టు దాన్ని గోడ కంతలోంచి అవతలికి లాక్కుపోయేది. అవతల వాటిని నుజ్జు చేసే మిషన్ ఉందని చిటికమ్మకు తెలుసు. తెలిసే ఎన్నడూ అటు తొంగిచూడలేదు. పెళ్లయిన కొత్తలో చేరిన ఉద్యోగం. పిల్లల చదువులు, అత్తగారి మందులు దాని మీదే నడిచాయి.

ఒక ఎండాకాలం ఆ మిషన్ మొరాయించింది. బెల్టు ఆగింది. పొదుగు గదుల్లోంచి పిల్లలు మాత్రం వస్తూనే ఉన్నాయి. నిండిన ఎడమ తొట్లను ఆమె కుర్చీ పక్కనే ఒకదాని మీద ఒకటి పేర్చారు. గదంతా కిచకిచలు. మధ్యాహ్నం దాటేసరికి కింది తొట్లలో అరుపులు సన్నబడ్డాయి.

"సార్, వీటిని ఏం చేద్దాం?" అని సూపర్‌వైజర్ని అడిగింది.

"మెకానిక్ వస్తున్నాడు. నువ్వు పని ఆపకు తల్లీ, పైవాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు," అన్నాడతను. చెడ్డవాడేం కాదు. తొట్ల వైపు చూడకుండా, మెడ తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు చేతిలో ఉన్న పుంజుపిల్లను చిటికమ్మ కుడి తొట్టిలో వేసింది. వేసిందే గానీ, ఫారంలో పుంజని బయటపడితే దాని గతి ఇంతేనని వెంటనే తోచింది. వెతికి పట్టుకుని మళ్లీ ఎడమ తొట్టిలో వేసింది. అలా వెనక్కి తీసి వేయడం ఆమె మనసుకు పెద్ద దెబ్బయింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కంచంలో ఉడికిన గుడ్డు పెట్టి ఉంచింది.

"నాకొద్దు అత్తయ్యా."

జరిగింది విని అత్తగారు మూతి తిప్పింది. "ఇన్నేళ్లూ లేని జాలి ఇవాళ ఎక్కడ ఊడిపడిందే?"

"ఇన్నేళ్లూ వినబడలేదు అత్తయ్యా."

ఆ వారమే ఆమె ట్రేలు కడిగే పని అడిగి వేయించుకుంది. జీతం తగ్గింది. భర్త అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఆ పిల్లలేమైనా బతుకుతాయా?"

"బతకవు. నా చేత్తో మాత్రం వద్దు," అంది.

వానాకాలంలో అత్తగారు మంచం పట్టింది. నీరసం తగ్గాలంటే రోజూ గుడ్డు పెట్టమన్నాడు డాక్టరు. చిటికమ్మ కాదనలేదు. వాళ్లనూ వీళ్లనూ అడిగి, ఊరి చివర కోళ్లు పెంచుకునే ఒకావిడ దగ్గరికి వెళ్లింది. పెట్టలతోపాటు పుంజులూ దొడ్లో తిరుగుతున్నాయి.

"పుంజుల్ని కూడా ఉంచుతారా?"

"ఉంచకేం చేస్తాం? పెద్దయ్యాక కోసుకుంటాం, అబద్ధమెందుకు. అందాకా బతకనీ," అందావిడ.

ఒక తెల్లపుంజు రెక్కలు దులుపుకుంటూ చిటికమ్మ కాళ్ల ముందునుంచే నడిచిపోయింది. ఆమె ఏరిన జాతే. పెరిగితే ఎలా ఉంటుందో అంతవరకూ చూడలేదు. గుడ్ల సంచీ పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

గుడ్లు చిన్నవి, ధర ఎక్కువ. అవి అత్తగారికే సరిపోయేవి, మిగతావాళ్లు పప్పుతో సరిపెట్టుకున్నారు. భర్త కొన్నాళ్లు సణిగి మానేశాడు. ఇరుగుపొరుగుకు ఆమె ఏ నీతులూ చెప్పలేదు.

కాస్త కోలుకున్నాక ఒకరోజు అత్తగారు గుడ్డు సగానికి కోసి ఒక ముక్క కోడలి కంచంలో వేసింది. "నన్ను లేవదీసి నువ్వు పడిపోతావా ఏంటి? తిను."

ఆ ముక్క చేతిలోకి తీసుకుంటే చిటికమ్మకు దొడ్లో తిరిగిన తెల్లపుంజు గుర్తొచ్చింది. నెమ్మదిగా తింది.