ఆ పాట అక్కది

ఈ విషయం మా తెలుగు సంఘంవారికి నోటితో చెప్పాను, మెసేజ్ పెట్టాను, అధ్యక్షుడి ఇంటి గుమ్మంలో నిలబడి కూడా చెప్పాను. ఇంతవరకు ఒక్కరూ పట్టించుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేముండే ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్‌లో ఒక ఉగాది కార్యక్రమంలో మా అమ్మాయి పియానో వాయిస్తూ ఒక జర్మన్ పాట పాడింది. ఆ పాట వెనక కథ పియానో టీచర్ చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ దేశాన్నేలిన మహారాణికి ఒక జర్మన్ సంగీతకర్త పాటలంటే ప్రాణం. ఆయన లండన్ వచ్చినప్పుడు ప్యాలెస్‌కి పిలిపించుకుని, ఆయన పేరుతో అచ్చయిన పుస్తకంలోంచి ఈ పాటే ఏరి, ఆయన ఎదుటే పాడింది. ఆయన మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, అది తన అక్క కట్టిన పాటని ఒప్పుకున్నాడు. ఆడపిల్ల పేరు అచ్చులోకెక్కడం ఇంట్లోవాళ్లకు ఇష్టం లేక తమ్ముడి పేరు మీద వచ్చిందట.

"డాడీ, అనౌన్స్‌మెంట్‌లో అక్క పేరే చెప్పాలి. ప్రామిస్?" అంది మా అమ్మాయి.

ప్రామిస్ చేశాను. యాంకరింగ్ చేస్తున్న ఎమ్మెస్సీ విద్యార్థినికి ముందే వెళ్లి చెప్పాను. "ష్యూర్ అంకుల్, టెన్షన్ పడకండి" అంది. తీరా స్టేజీ ఎక్కి తమ్ముడి పేరు చదివింది. ఫోన్లో వెతికితే ఆయన పేరే వచ్చిందట!

పాట అవగానే మైకు కోసం వెళ్లాను. అధ్యక్షుడు అడ్డొచ్చాడు.

"అన్నా, గిప్పుడు మైకిస్తే బిర్యానీ చల్లారుతది. తమ్ముడు రాసిండా, అక్క రాసిందా, ఎవలకు గావాలె? పాప మస్తు పాడింది, పో."

"మహారాణికి చెప్పాల్సిన మాట మీకు అక్కర్లేదా?" అన్నాను.

"రాణికి వంటోళ్లున్నరు. మనకు కేటరింగాయన ఉన్నడు, గడియారం జూస్తుండు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

కారులో మా అమ్మాయి ఒక్కటే అడిగింది. "డిడ్ యూ ఈవెన్ టెల్ దెమ్, డాడీ?"

చెప్పానన్నాను. నమ్మలేదు. ఆ తర్వాత ఏ ఉగాదికీ పాడనంది. సంఘం వాట్సాప్ గ్రూపులో వివరంగా రాసి పెడితే ఒకాయన చదవకుండానే చప్పట్ల బొమ్మ పెట్టాడు.

ఆ సంగీతకర్త ఆరోజు నోరు మూసుకుని ఉంటే అడిగేవాళ్లు లేరు. రాణి మెప్పు ఆయనకే దక్కేది. అయినా చెప్పాడు. ప్యాలెస్‌లో చెప్పగలిగిన నిజాన్ని కమ్యూనిటీ హాల్లో చెప్పడానికి మనకేమిటి అడ్డు?

అధ్యక్షుడుగారూ, నాకు శాలువా వద్దు, క్షమాపణా వద్దు. వచ్చే ఉగాదికి మా అమ్మాయిని ముందు వరుసలో కూర్చోబెడతాను. ఆ పాట అక్కదని, ఈ పాప వాళ్ల నాన్న ఆ సంగతి మాకు ముందే చెప్పాడని, మీరే మైకులో చెప్పాలి. చెబుతారా, చెప్పరా? జవాబివ్వండి.