నూనె కడిగే పని

గల్ఫ్‌లో నేను చేసింది నూనె కడిగే పని. భూమిలోంచి తీసిన ముడి చమురులో ఉప్పు, నీళ్లు కలిసి ఉంటాయి. ఆ ఉప్పు ఉంటే రిఫైనరీ గొట్టాలను తినేస్తుంది. అందుకే చమురులో మంచినీళ్లు కలుపుతారు. ఉప్పు ఆ నీళ్లలోకి పోతుంది, నీళ్లు అడుక్కు దిగుతాయి. వాటిని బయటికి వదిలే వాల్వు దగ్గర ఒక్కడినే నిలబడేవాణ్ణి.

అప్పటికి నాకు రాయడం రాదు. ఫోన్లో చెబితే, కరీంనగర్‌లో బీడీలు చుట్టే నా భార్య నమ్మలేదు.

"నూనెను నీళ్లతోని కడుగుడేందయ్యా? నాతోని బీడీలు చుట్టేటోళ్లకు గానుగల పనిజేస్తడని చెప్పిన."

సెలవుకు వచ్చి, సీసాలో పల్లినూనె, ఉప్పు, నీళ్లు పోసి ఊపాను. నీళ్లు దిగేదాకా ఇద్దరం కూర్చున్నాం. పైనున్న నూనె వంచేసి, అడుగు నీళ్లు వేలితో తీసి ఆమె నాకింది.

"ఉప్పగనే ఉన్నయి! నిజమే జెప్పినవ్. గిట్ల ఒక్కనివే నిలవడుతె పరేషాన్ గాదా?"

"అయితది," అన్నాను. ఆ మాట ఇంకెవరూ అడగలేదు.

నిరుడు ఆమె పోయింది. నిన్న అదే సీసాలో మళ్లీ నూనె, ఉప్పునీళ్లు ఊపి పెట్టాను. దిగేదాకా ఉండలేకపోయాను. లేచి వచ్చి గడపలో కూర్చున్నాను.