మా చిన్నమ్మ సోమరితనం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద గొర్రెలకే దక్కేది. ముదిగుబ్బ దగ్గర పల్లెలో మా తాతయ్యకు పెద్ద మంద ఉండేది. చూడి గొర్రె ఒక్క పూట మేత మానితే చాలు, ఆయన దాని పక్కనే కూర్చుని గొంతు తడిమి, రెప్పలు విప్పి చూసేవాడు. మనుషుల విషయానికి వస్తే ఆ కళ్ళు పనిచేసేవి కావు.

ఆ ఎండాకాలం మా చిన్నమ్మ, అంటే తాతయ్య చిన్న కోడలు, ఆరు నెలల కడుపుతో ఉంది. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. మిట్టమధ్యాహ్నం కూడా చలి అంటూ కంబళి కప్పుకునేది. మొహం ఉబ్బింది, మాట బొంగురుపోయింది, నాలుగడుగులు వేస్తే కూలబడేది. మా చిన్నాయన మహా వైద్యుడిలా ఒక్క మాటలో రోగం తేల్చేశాడు, సోమరితనమని. ఇంట్లో మగవాళ్ళంతా తలలూపారు. నేను ఆమె నడకను అనుకరించి చూపిస్తే పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు మురిసిపోయాను, సిగ్గులేనిదాన్ని.

నవ్వనిది మా అవ్వ ఒక్కతే. ఒకరోజు తాతయ్య అన్నం తింటుంటే నిదానంగా మాట కదిపింది.

"ఒగ చూడి గొర్రెకు గొంతు కింద గడ్డ లేసిండాది. మేత లేదు, నడ్సలేకుండాది. పోయిన ఈత పిల్ల సచ్చిపాయ. ఏం జేద్దాం?"

తాతయ్య ముద్ద వదిలేసి లేచాడు. "ఇన్ని దినాలు చెప్పకుండా ఏం జేస్తాండావే? బండి కట్టమను, ఆస్పత్రికి తీసకపోదాం. యాడుండాది?"

"వంటింట్లో ఉండాది. నీ చిన్న కోడలు," అంది అవ్వ.

బండి ఆ పూటే కదిలింది.

అనంతపురంలో డాక్టరమ్మ చిన్నమ్మ గొంతు తడిమి, అక్కడ థైరాయిడ్ అనే గ్రంథి సరిగా పనిచేయడం లేదని చెప్పిందట. తల్లి సత్తువకూ, కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికీ అదే ఆధారమట. మాత్రలు రాసిచ్చి, "మొదటి నెలల్లోనే తేవాల్సింది," అని చిన్నాయన మొహం మీదే అనేసిందట.

నెలలు నిండేసరికి చిన్నమ్మ కోలుకుంది. బిడ్డ కూడా దక్కాడు. కానీ వాడికి ఐదేళ్ళు దాటేదాకా మాట రాలేదు, చదువు అసలే ఎక్కలేదు. మా తాతయ్య మాత్రం కోడలిని తానే కాపాడానని బతికినన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్నాడు. విన్నవాళ్ళూ అలాంటివాళ్ళే, నమ్మారు.

ఇప్పటికీ కడుపుతో ఉన్న పిల్లను ఎవరైనా సోమరిది అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు ఆ పిల్లను డాక్టరు దగ్గరికి పంపిస్తాను, ఆ తర్వాత అన్నవాళ్ళ సంగతి చూస్తాను. ఆనాడు నేను చేసిన వెక్కిరింత గురించి చిన్నమ్మ కొడుక్కి, అంటే మా తమ్ముడికి చెప్పుకుందామని చాలాసార్లు వాడి పక్కన కూర్చున్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని నవ్వుతాడు. నేను చెప్పేది వాడికి అర్థం కాదు.