ఆడబిడ్డ కొన్న గంజులు

పెళ్లయి మేడ్చల్‌లో కాపురానికి వచ్చిన కొత్తలో, మా ఆయన అక్క నన్ను బజారులోని స్టీలు సామాన్ల కొట్టుకు తీసుకెళ్లింది. అత్తమ్మ వంటింట్లోని పాత సొట్ట గిన్నెలన్నీ తీసేసి కొత్తవి పెట్టాలని వదిన ముచ్చట. తీసుకెళ్లిందే గానీ నన్నొక్కటీ ఎంచనివ్వలేదు. నేను అన్నం వండుకోవడానికి అడుగు దిట్టంగా ఉన్న గంజు ఒకటి పట్టుకుంటే చేతిలోంచి లాక్కుంది.

"ఏందే పిల్లా, గంత బరువుది ఏం జేసుకుంటవ్? గిది సూడు, అద్దం లెక్క మెరుస్తాంది. తూకానికి ఇస్తడు, పల్సటియి తీస్కుంటే మస్తు సామాను వస్తది."

అలమర నిండిపోయింది. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు, ఆవిడనే.

వండాల్సింది మాత్రం నేను. ఆ రేకు గంజుల్లో అన్నం కింద మాడు, పైన పలుకు. పాలు పెడితే అడుగంటేవి. పప్పు సంగతి చెప్పనే వద్దు. మంట తగ్గించాను, నీళ్లు పెంచాను, పక్కనే నిలబడి కలుపుతూనే ఉన్నాను. ఊహూఁ! ఆడబిడ్డ శామీర్‌పేట నుంచి పుట్టింటికి వచ్చినప్పుడల్లా ముద్ద నోట్లో పెట్టుకోకముందే ముక్కు చిట్లించేది.

"మళ్ల మాడవెట్టినవా? మీ అమ్మ నీకు గింత వంట నేర్పలేదా?"

నన్నంటే సరే. మా అమ్మనంటే కడుపు రగిలిపోయేది. అత్తమ్మ మాత్రం మంచీ చెడూ ఏమీ అనేది కాదు. చుట్టాలొచ్చిన రోజున అటక మీది తన పాత ఇత్తడి గంజు దించుకుని తనే వండేది, నన్ను ఉల్లిగడ్డలు కోయమనేది. నా ఇంట్లో నేనే పొయ్యికి దూరమయ్యాను. చుట్టపక్కాల్లో నాకు మాడబెట్టే కోడలని పేరు పడిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు బహదూర్‌పల్లిలో సొంతిల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాడు కొత్త గిన్నెలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. ఆ పాలలోనే పరమాన్నం వండాలి. గిన్నె కొనాల్సింది నేను! ఆ మాట తట్టగానే నా పెదాల మీద నవ్వు ఆగలేదు.

లోపం నా వంటలో కాదు, ఆ పల్చటి గంజుల్లోనే అని తెలిసొచ్చి, అప్పటికి నాకు సామాను చూడటం వచ్చింది. మెరుపు చూడకూడదు, ఎత్తి చూడాలి. బొటనవేళ్లతో నొక్కితే అంచు వంగకూడదు, బల్ల మీద పెడితే అడుగు ఊగకూడదు, వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగకూడదు. సుచిత్ర చౌరస్తా దగ్గరి కొట్టులో నా వంటింటికి అన్నీ అలాగే ఏరుకున్నాను. పాలు పొంగించడానికి మాత్రం ఆ కొట్టు మొత్తంలో అన్నిటికంటే పల్చటిది వెతికి మరీ తెచ్చాను. తళతళా మెరుస్తోంది, ఆవిడకు నచ్చేట్టు.

"రా వదినా, నీ చెయ్యి మంచిది" అని పీట వేశాను.

పాలు పొంగాయి. అందరూ సంబరపడ్డారు. ఆవిడ బియ్యం పోసి గరిటె తిప్పుతూ కబుర్లలో పడింది. బెల్లం వేయకముందే వాసన లేచింది. గరిటె తిప్పేకొద్దీ నల్లటి పెచ్చులు పైకి తేలాయి. ఆవిడ అత్తవారి వైపు వాళ్లంతా అక్కడే ఉన్నారు.

"అయ్యో వదినా, మాడింది గద! మీ అమ్మ నీకు గింత వంట నేర్పలేదా?" అన్నాను, అందరికీ వినపడేట్టు.

ఆవిడ ముఖం కందిపోయింది. నా కళ్లు చల్లబడ్డాయి. అంతలో అత్తమ్మ గబగబా వచ్చి, గంజు దించి చూసి, అందరివైపూ తిరిగింది.

"గంజు పల్సగుంది. పాపం, పిల్ల ఏం జేస్తది? గిసొంటి దాంట్ల ఎవలు వండినా మాడుతది."

నేను అత్తమ్మను పక్కకు పిలిచాను. "మన పాత ఇంట్లయి గూడ గట్లనే పల్సగున్నయి గద అత్తమ్మా?"

"అవ్, తెచ్చిన్నాడే ఎరుక."

"మరి నా దిక్కు ఒక్కనాడన్న ఎందుకు సెప్పలే?"

"బిడ్డ ముచ్చటపడి తెచ్చె. బాలేవని ఎట్లంటమే?"

కూతురి మాట పోకూడదని నన్ను వంట రానిదాన్ని చేసి కూర్చోబెట్టింది! ఇన్నేళ్లూ నేను పగ పట్టింది ఆడబిడ్డ మీద. ఆవిడకు గంజుల సంగతే తెలియదు. తెలిసిన మనిషి నా పక్కనే నిలబడి వండింది.

ఆ కొత్తింట్లో అత్తమ్మను వంటింటి గడప దాటనివ్వలేదు. పొయ్యి దగ్గర తప్ప పొద్దుపోని మనిషి. "నువ్వు కూసో అత్తమ్మా, నేను లేనా" అంటూ మూడు పూటలా కంచం ఆవిడ మంచం దగ్గరికే తీసుకెళ్లి ఇచ్చాను. ఎంత మంచి కోడలో అని కాలనీ అంతా చెప్పుకునేవారు, ఆవిడ ముందే.