మూడోసారి కడిగాక

ఈరోజు మధ్యాహ్నం నిజం చెప్పాల్సిన చోట అబద్ధం చెప్పాను.

నేను పనిచేసే ప్రయోగశాలలో ఎద్దు గుండె చుట్టూ ఉండే పలుచటి పొరతో మనుషులకు గుండె కవాటాలు తయారుచేసే పరిశోధన జరుగుతోంది. పొర కుళ్ళకుండా దాన్ని ఒక ఘాటైన మందులో నానబెడతారు. ఆ మందు పొరలో మిగిలిపోతే పక్కనున్న కణాలను చంపుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కవాటం మీద సున్నం పేరుకుని బిగుసుకుపోతుంది. మిగిలిన ఆ విషాన్ని విరిచే ద్రావణం కోసం ఒక అమ్మాయి రెండేళ్ళుగా కష్టపడుతోంది. ఆఖర్న పొరను ఉప్పునీళ్ళతో ఆరుసార్లు కడగడం నా పని.

ఆమెది ఈ రైల్వే ఊళ్ళోనే తాల్‌బగీచా పేట, రైల్వే ఫిట్టర్ కూతురు. అందరితో ఇంగ్లీషు, బెంగాలీ. నాతో మాత్రం ఇంటి మాట, తెలుగు.

"పొర మీద ఏసిన కణాలన్నీ సచ్చిపోనాయి బాబాయ్," అంది, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే. "నా ద్రావణమే పనికిరాదు. సోమవారం సార్‌కి సెప్పేసి ఒగ్గేస్తాను."

"రెండేళ్ళ పని ఒగ్గేస్తావా?"

"మరేటి సెయ్యమంటారు? మీరు ఆరుసార్లూ కడిగినారు కదా!"

"ఆఁ," అన్నాను.

కడగలేదు. పోయిన గురువారం మూడోసారి నీళ్ళు మార్చాక గిన్నె మీద వంగి వాసన చూశాను. ఘాటు తగల్లేదు. చాల్లే అనుకుని పుస్తకంలో ఆరు టిక్కులూ పెట్టేశాను. ఏళ్ళ తరబడి ఆ మందు మధ్యే ఉన్న ముక్కుకి ఏం తెలుస్తుంది? నా భార్య బతికున్నప్పుడు గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. "ముందా సొక్కా ఇప్పి బయట దండేనికెయ్యండి, కంపు!" అనేది. ఆమె పోయి నాలుగేళ్ళు. ఆ మాట అనేవాళ్ళు లేక, వాసనే పోయిందనుకున్నాను.

సాయంత్రం మా ఇల్లుండే న్యూ సెటిల్‌మెంట్ దాకా వచ్చినవాణ్ణి, ఖాళీ ఇల్లు గుర్తొచ్చిందో, ఆ పిల్ల ముఖమే గుర్తొచ్చిందో, సైకిల్ తాల్‌బగీచాలో వాళ్ళింటికి తిప్పాను.

"ఏటి బాబాయ్, ఇలాగొచ్చినారు?" అంది తలుపు తీసి.

గుమ్మంలోనే చెప్పేశాను. మూడుసార్లే కడిగానని, టిక్కులు అబద్ధమని, మధ్యాహ్నం దాన్నే మళ్ళీ నోటితో చెప్పానని.

"రెండ్రోజుల్నుంచి నాకు నిద్దర్లేదు, తెలుసా?" అంది. కాసేపటికి, "ముక్కుతో సూసినారా! మీరొస్తుంటే వీధి సివర్నుంచే మాకు తెలిసిపోద్ది, ఆ కంపు!" అంది.

తను నవ్వింది. నాకు నవ్వు రాలేదు, కళ్ళు చెమ్మగిల్లాయి.

"ల్యాబులో నా ద్రావణం సీసాలో నాలుగు పొర ముక్కలు మిగిలున్నాయి," అంది. "కడుగుతారా?"

తిన్నగా ప్రయోగశాలకే వచ్చాను. పుస్తకంలో పాత టిక్కులు మూడు కొట్టేసి, పక్కన జరిగింది రాసి, సార్‌కి కనబడేలా సంతకం పెట్టాను. కొత్త ముక్కలకి కింద కొత్త వరస గీసి, గడియారం ఎదురుగా పెట్టుకున్నాను. ఇప్పుడే నాలుగోసారి నీళ్ళు మార్చి, ఆ తరవాతే నాలుగో టిక్కు పెట్టాను.